తెరిస్తేగానీ తెలియని సరుకు

1990లలో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు దుబాయి నుంచి మనిషి ఇంటికి వచ్చాడంటే ఆ సాయంత్రం వాడకట్టంతా ఆ ఇంటి ముందే ఉండేది. సూట్‌కేసులోంచి సెంటు సీసాలు, టార్చిలైట్లు, టేప్ రికార్డర్లు, చీరలు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. కొన్ని ఇళ్లలో టీవీకి తగిలించే ఆట పెట్టె కూడా దిగేది. దాంతో వచ్చే ప్లాస్టిక్ క్యాసెట్ మీద రంగురంగుల బొమ్మలు, పెద్ద అంకెల్లో ‘9999 ఇన్ 1’ అన్న ముద్ర ఉండేవి. పెట్టి చూస్తే లోపల ఉన్నవి కొన్నే ఆటలు. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల వేట, కార్ల పందెం. జాబితాలో కిందికి వెళ్తే అవే ఆటలు వేరే పేర్లతో మళ్లీ ఎదురయ్యేవి. కొన్ని రెండో దశ నుంచో, ఎక్కువ ప్రాణాలతోనో మొదలయ్యేవి, అంతే తేడా.

అది మోసమే. పిల్లలు రెండు రోజుల్లో పసిగట్టేవాళ్లు కూడా. అయినా ఎవరూ గొడవ పడలేదు, ఎందుకంటే ఉన్న ఆ కొన్ని ఆటలూ వాళ్లవే. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లు. పక్కింటి పిల్లవాడికి రెండు రోజులు ఇచ్చేవాళ్లు, విసుగొస్తే ఇంకో క్యాసెట్‌తో మార్చుకునేవాళ్లు. అమ్మినవాడు ఒక్కసారి మోసం చేసి తన దారిన పోయాడు. ఆ తర్వాత ఆటకూ వాడికీ సంబంధం లేదు.

ఇవాళ ఆట అమ్మేవాడు ఎక్కడికీ పోడు. కొన్నవాడి ఫోన్‌లోనే కూర్చుని, ఏ గంటకు అలసిపోతాడో, ఏ ఓటమి తర్వాత డబ్బు తీస్తాడో గమనిస్తూ ఉంటాడు. ఈ ముప్పై ఏళ్లలో ఆటల అమ్మకం ఇంతగా మారింది. దీనిమీద ఆడేవాళ్ల కోపం ప్రపంచమంతటా ఒకటే. మన చట్టం మాత్రం వంద సంవత్సరాలకు పైగా ఆడేవాడి చేతిలోని ముక్కలనే చూస్తూ వచ్చింది. అమ్మేవాడి బేరం వైపు తిరిగి చూసింది చాలా తక్కువ.

అమ్మేవాడే లేని ఆటలు ఒకప్పుడు ఈ ఊళ్ల నిండా ఉండేవి. చిర్రగోనెకు ఒక పొడుగు కర్ర, ఒక చిన్న పుల్ల చాలు. అష్టాచెమ్మాకు, పచ్చీసుకు అరుగు మీద సుద్దతో గీసిన గడులు, గుప్పెడు గవ్వలు చాలు. గోటీలకే కొంచెం పైసలు అయ్యేవి. బడి దగ్గరి దుకాణంలో మాత్రం ఒక అట్ట వేలాడుతూ ఉండేది. దాని మీద వరసగా అంటించిన చిన్న చీటీలు, పైన అందరికీ కనపడేలా పెద్ద బెలూనో బొమ్మ కారో. పైసలిచ్చి చీటీ చింపితే లోపల అంకె, ఆ అంకెకు తగిన వస్తువు. చాలాసార్లు వచ్చేది చిన్న బెలూనే. పెద్ద బహుమతి చివరిదాకా అట్ట మీదే ఉంటే చీటీలన్నీ అమ్ముడుపోతాయని దుకాణదారుకు తెలుసు. డబ్బు ముందు, సరుకు తర్వాత, ఏం వస్తుందో తెరిస్తేగానీ తెలియదు. ఇవాళ్టి ఆటల్లోని ‘లూట్ బాక్స్’ చేసే బేరం సరిగ్గా ఇదే.

పెద్దవాళ్ల ఆట మట్కా. దాని పుట్టుకకు, నేత పట్టణమైన సిరిసిల్ల బతుకుకు మధ్య పత్తి పోగు ఒకటి ఉంది. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీలో ధర తెరుచుకున్నప్పుడు ఎంత, మూసుకున్నప్పుడు ఎంత అన్న వార్త టెలిప్రింటర్ మీద బొంబాయి చేరేది. ఆ అంకెల మీద జనం పందెం కాసేవాళ్లు. మట్కాలో ఇప్పటికీ వినిపించే ‘ఓపెన్’, ‘క్లోజ్’ అన్న మాటలు అక్కడివే. 1960ల మొదట్లో పత్తి ధరల రాక ఆగిపోయాక కుండలో చీటీలు వేసి తీయడం మొదలైంది. కల్యాణ్‌జీ భగత్ 1962లో వర్లీలో, రతన్ ఖత్రీ 1964లో సొంత మట్కాలు నడపడం మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర పందెం కాసేవాళ్లలో బొంబాయి బట్టల మిల్లు కార్మికులు చాలామంది. తెలంగాణ నుంచి బొంబాయి, భీవండి, షోలాపూర్‌లకు పోయిన పద్మశాలీలు ఆ మిల్లుల్లో, అక్కడి మగ్గాల మీదే పనిచేశారు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నిలబడటంలో ఆ రాకపోకలకు పెద్ద పాత్ర ఉంది. మట్కా కూడా తెలంగాణ పట్టణాల్లోకి పాకింది.

మట్కా ఎన్ని కొంపలు కూల్చిందో చెప్పనవసరం లేదు. కానీ అందులో ఒక సంగతి గమనించాలి. పది అంకెల్లో ఒకదాని మీద రూపాయి కడితే, తగిలినప్పుడు సాధారణంగా చేతికొచ్చేది తొమ్మిది రూపాయలు. పదో రూపాయి నడిపేవాడిది. సాంచా దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కార్మికుడికీ ఆ లెక్క తెలుసు. ఓడిపోయే అవకాశం ఎంతో తెలిసే ఓడిపోయేవాడు. అడుగున ఉన్న ఆ కనీస నిజాయితీ కూడా ఇప్పటి ఆటల్లో కొన్నిటికి లేదు.

చట్టం వీటన్నిటినీ ఎలా చూసింది? నిజాం కాలంలో, ఫసలీ 1305లో, అంటే 1895-96 ప్రాంతంలో వచ్చిన హైదరాబాద్ జూద చట్టం చాలా ఏళ్లు ఇక్కడ నడిచింది. 1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, డబ్బుకు రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నది ఆ చట్టం కిందే. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా ఇచ్చిన తీర్పు దేశంలో ప్రతి రమ్మీ కంపెనీకీ కంఠస్థం. మూడు ముక్కలాట వట్టి అదృష్టం, రమ్మీలో మాత్రం పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నది దాని సారం.

ఆ తీర్పులో ఇంకో మాట ఉంది. క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం దొరికితే నేరం రుజువు కావచ్చు అని కోర్టు అదే తీర్పులో చెప్పింది. ఆడేవాళ్ల తెలివి ఒక సంగతి, ఆడించేవాడి ఆదాయం వేరే సంగతి అని అప్పుడే విడదీసింది. తర్వాత యాభై ఏళ్లలో న్యాయవాదులూ కంపెనీలూ మొదటి మాటను పట్టుకుని కోట్ల వ్యాపారం కట్టారు. రెండో మాట వెనకబడిపోయింది. ఆటల అమ్మకం మీద ఇవాళ మనకున్న కోపానికి తగిన చట్టపు మాట ఒకటి తెలుగు నేల మీద నడిచిన కేసులోనే ఉండి, దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం బాధాకరం.

ఇక వీడియో గేమ్ పార్లర్లు. సినిమా హాలు పక్కనో బస్టాండు సందులోనో చీకటి గది, నాలుగైదు పెట్టెలు, రూపాయి కాయిన్. ‘ముస్తఫా’ అని దేశమంతా పిలుచుకున్న ఆట అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’, జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1990ల మొదట్లో చేసింది. ఆ పెట్టెలను ఆడేవాడు త్వరగా చచ్చేలాగే తయారుచేసేవాళ్లు. చస్తేనే ఇంకో కాయిన్ పడుతుంది. కాబట్టి డబ్బు కోసం ఆటను వంకరగా కట్టడం ఫోన్ కాలంలో పుట్టిన పాపం కాదు. అయినా పార్లర్‌కు ఒక హద్దు ఉండేది. జేబులో కాయిన్లు అయిపోతే పిల్లవాడు పెట్టె దగ్గర్నుంచి పక్కకు జరగాలి, వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడు. ఆ తర్వాత వచ్చిన నెట్ సెంటర్లలో గంటకింత అని బోర్డు. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆటలు. గంట అయ్యిందని పిలుపు వచ్చేది, లేచి పోవాల్సిందే.

హద్దు చెరిగిన చరిత్ర వేరే దేశాలది. 2006 ఏప్రిల్‌లో ‘ఆబ్లివియన్’ అనే ఆటలో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మారు. ఆటను పూర్తి ధరకు కొన్నవాళ్లు అప్పుడు నవ్వారు, తిట్టారు, చాలామంది కొన్నారు కూడా. జపాన్‌లో డబ్బు వేస్తే ఏదో ఒక బొమ్మ పడే మిషన్ల పద్ధతి, ‘గచా’, ఫోన్ ఆటల్లోకి వచ్చింది. సెట్టు పూర్తిచేస్తేనే అసలు బహుమతి ఇచ్చే ‘కొంపు గచా’ రకాన్ని ఆ దేశపు వినియోగదారుల సంస్థ 2012లో చట్టవిరుద్ధమంది. 2017 నవంబరులో ‘స్టార్‌వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’ రాబోతుండగా పూర్తి ధర పెట్టినవాళ్లకు కూడా పేరున్న పాత్రలు చేతికి రావాలంటే గంటల తరబడి ఆడటమో పెట్టెలు కొనడమో తప్పదని తేలింది. గొడవ ఎంత పెద్దదైందంటే విడుదలకు ముందే ఆ ఆటను అమ్మే ఈఏ కంపెనీ డబ్బుతో కొనే పద్ధతిని తాత్కాలికంగా తీసేయాల్సి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ కొన్ని పేరున్న ఆటల్లోని పెట్టెలు జూదమేనని తేల్చింది. చైనా 2017 మే నుంచి పెట్టెలో ఏది ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో కంపెనీలు బయటపెట్టాలని నియమం పెట్టింది.

ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం ప్రాణి మళ్లీ మళ్లీ మీట నొక్కుతుందని బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి చూపించింది గత శతాబ్దం మధ్యలోనే. లూట్ బాక్స్ దగ్గర పిల్లవాడి చేత డబ్బు పెట్టించేది మనుషులందరిలోనూ ఉన్న ఈ గుణమే. వాడికి తెలివి తక్కువ అనుకుంటే పొరపాటు.

తెలంగాణలో 2016 ముఖ్యమైన సంవత్సరం. సెప్టెంబరులో జియో వచ్చింది, ఆ ఏడాదే యూపీఐ మొదలైంది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ పరిశ్రమకు ప్రోత్సాహం ఇచ్చే ‘ఇమేజ్’ విధానం తెచ్చింది. అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ 2009 నుంచి సిరిసిల్ల ఎమ్మెల్యే. ఏడాది తిరగకుండానే, 2017 జూన్‌లో, అదే ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించి డబ్బుకు ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. జూలైలో ఇంకో ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. 1967 తీర్పులోని నైపుణ్యం అన్న మినహాయింపును ఇక్కడ ఎత్తేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే దారి పట్టింది.

రమ్మీ మీద ఆ నిర్ణయం తీసుకోవడానికి ధైర్యం కావాలి, దాన్ని మెచ్చుకోవాలి. అప్పుల్లో మునిగిన ఇళ్లు కళ్లముందే ఉన్నాయి. కానీ గేమింగ్ పరిశ్రమను ఒక చేత్తో పిలుస్తూ, పేకముక్కల్ని ఇంకో చేత్తో తోసేసిన ఆ రెండేళ్లలో, పిలిచిన పరిశ్రమ పిల్లలకు సరుకు ఎలా అమ్మాలి అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. రాజకీయానికి పేకాట సులువైన శత్రువు. దానికి చెడ్డపేరు ముందే ఉంది.

2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. కోరుట్లలోనైనా జగిత్యాలలోనైనా సాయంత్రం అరుగుల మీద నలుగురు కుర్రాళ్లు తలలు వంచుకుని ఒకే యుద్ధంలో ఉండేవాళ్లు. ఆట ఉచితం. ఆట లోపలి నాణెం యూసీ కొంటే రాయల్ పాస్, లూట్ బాక్సుల్లాంటి క్రేట్లు, తుపాకీకి రంగులు. ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఆటలో అయితే డైమండ్లు. రూపాయిని ముందు యూసీగానో డైమండ్‌గానో మార్చడంలో ఒక కిటుకు ఉంది. అలా మార్చాక ఒక అంగీ రంగుకు ఎన్ని రూపాయలు పెడుతున్నామో వెంటనే మనసుకు తట్టదు. ప్యాక్‌లు కూడా కావాల్సినంతకు సరిపోని సైజుల్లోనే ఉంటాయి, కొంచెం మిగులుతుంది, ఆ మిగిలినదాన్ని వాడాలంటే ఇంకో ప్యాక్ కొనాలి.

2020 సెప్టెంబరు 2న కేంద్రం దేశభద్రత కారణంతో పబ్జీతో పాటు మరో 117 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు 30న సర్వర్లు ఆగాయి. నెలల తరబడి కూడబెట్టి కొన్న సరంజామా ఒక్కరోజులో అందకుండా పోయింది. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో ఆట తిరిగొచ్చి, పాత ఖాతాల్లోని వస్తువులను మార్చుకునే వీలు ఇచ్చింది. అది కంపెనీ మంచితనం మీద ఆధారపడిన ఏర్పాటు, కొన్నవాడి హక్కు కాదు. 2022 జూలైలో అది కూడా యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ కనపడింది. ఫ్రీ ఫైర్ మీద 2022 ఫిబ్రవరిలో వేటు పడింది. ఇన్ని నిషేధాల్లో ఒక్కటి కూడా ‘పిల్లల దగ్గర తీసుకున్న డబ్బు సంగతేంటి’ అని అడగలేదు.

నిషేధం లేకపోయినా ఇదే జరుగుతుంది. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే కార్ల ఆటను 2024 మార్చి 31న సర్వర్లు ఆపి చంపేసింది. డిస్కు చేతిలో ఉన్నవాడు కూడా ఇక ఆడలేడు. దాంతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కాలిఫోర్నియా చట్టం ఒకటి 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొన్నది సొంతం కాదు, లైసెన్సు మాత్రమే అని అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పాలన్నది దాని నియమం. ఊది మళ్లీ పెట్టుకునే క్యాసెట్ చూసినవాళ్లకు ఈ నష్టం ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మరి కోపం ఇంత ఉంటే కొనడం ఎందుకు ఆగదు? దీనికి జవాబు వెతికేటప్పుడు ఈ ప్రాంతం వాళ్లకు 1978 గుర్తుకు రావాలి. ఆ ఏడాది సెప్టెంబరులో దొరలకు వ్యతిరేకంగా జరిగిన జగిత్యాల జైత్రయాత్ర వెనక ఊరూరా కట్టిన రైతుకూలీ సంఘాలున్నాయి. వెట్టి పోవాలని, దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగివ్వాలని, వాళ్లు ఆక్రమించిన బంజరు పేదలకు రావాలని అడిగారు. మాట వినని దొరను ఊరు వెలేసింది. చాకలి పోలేదు, మంగలి పోలేదు, పొలంలో కూలీ దిగలేదు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ప్రాణాలొడ్డిన ఆ పోరాటాన్ని ఆట సామాను గొడవతో తూచడం ఎవరి ఉద్దేశమూ కాదు. బహిష్కరణ అనే ఆయుధం ఎప్పుడు పనిచేస్తుందో ఈ జిల్లాల కన్నా బాగా తెలిసినచోటు తక్కువ కాబట్టే దాని ప్రస్తావన.

2009 నవంబరులో ‘మోడర్న్ వార్‌ఫేర్ 2’ అనే ఆటను బహిష్కరిస్తామని ఆడేవాళ్లు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒక గ్రూపు కట్టారు. విడుదల రోజున చూస్తే ఆ గ్రూపు సభ్యుల్లో చాలామంది పేర్ల పక్కన అదే ఆట ఆడుతున్నట్టు కనిపించింది. వాళ్లను తిట్టి లాభం లేదు. 1978లో దొర గడప తొక్కినవాడు ఊరి కళ్లముందు తొక్కాలి. సంఘంలో అందరూ ఒకరికొకరు తెలుసు, ఒకరి కష్టంలో ఇంకొకరు నిలబడాలి. ఫోన్‌లో కొనేవాడు ఒంటరివాడు, అర్ధరాత్రి కొంటాడు, ఎవరూ చూడరు. తోటివాళ్ల కొత్త అంగీ మాత్రం వాడికి కనపడుతుంది.

ఇంకో చేదు నిజం ఉంది. ఉచిత ఆటల రాబడి చాలావరకు కొద్దిమంది నుంచే వస్తుంది. ఆ పరిశ్రమ వాళ్లను తిమింగలాలు అని పిలుస్తుంది. కూలీలు దిగకపోతే దొర పొలం బీడు పడింది. వందమందిలో తొంభైమంది పైసా ఇవ్వకపోయినా ఆట కంపెనీకి ఇబ్బంది లేదు, ఆ తొంభైమంది మిగిలిన పదిమందికి ప్రత్యర్థులుగా ఉంటే చాలు. ఈ వ్యాపారాన్ని వంచాలంటే కొనేవాళ్ల కోపం ఒక్కటే చాలదు. ఎపిక్ గేమ్స్ అనే కంపెనీ దారికొచ్చింది అమెరికా వాణిజ్య కమిషన్ వల్లే. ‘ఫోర్ట్‌నైట్’లో అడక్కుండానే కొనిపించే బటన్ల మీద కేసులో 24.5 కోట్ల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగివ్వడానికి ఆ కంపెనీ 2022 డిసెంబరులో ఒప్పుకుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇలా ఆటల్లో పోయే డబ్బు ఎవరిదో ఒక్కసారి ఆలోచించాలి. కొడుకు ఫోన్‌లో ఉన్న యూపీఐ ఖాతాలోకి వచ్చేది చాలా ఇళ్లలో మస్కట్ నుంచో దోహా నుంచో తండ్రి పంపిన జీతం, లేకపోతే కోరుట్లలో తల్లి చుట్టిన బీడీల కూలి, సిరిసిల్లలో సాంచా మీద కూలి. బీడీల లెక్క వేయికి ఇంత. సాంచా లెక్క పిక్కులకు, అంటే అడ్డపోగులకు ఇంత. ఆ రేట్ల కోసం సంఘాలు పోట్లాడతాయి, సమ్మెలు చేస్తాయి, ఒప్పందాలు రాసుకుంటాయి. అంత లెక్కగా సంపాదించిన డబ్బును లెక్క సూటిగా చెప్పని పెట్టెలో వేయించుకోవడం అన్యాయం.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా అదృష్టమా అన్న అరవై ఏళ్ల వాదనను పక్కన పెట్టి, డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష లేదు. ఆడించేవాడి మీద చూపు తిప్పినందుకు ఇది పెద్ద అడుగే. కానీ గెలిచిన సరుకును డబ్బుగా మార్చుకోలేని క్రేట్లు ఈ నిర్వచనంలోకి తేలిగ్గా రావు. పిల్లవాడి వెయ్యి రూపాయలు పోయేది మాత్రం వాటిలోనే.

వాటికి పనికొచ్చే పరికరం వేరేచోట ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాల అమ్మకపు మాయలను పేరుపెట్టి నిషేధించింది. ఇంకా కొన్ని నిమిషాలే అని తొందరపెట్టడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం, సబ్‌స్క్రిప్షన్‌లోంచి బయటపడే దారి దాచడం ఆ జాబితాలో ఉన్నాయి. ఆట ఆడేవాళ్లకు ఇవన్నీ రోజూ ఎదురయ్యేవే. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే ఏ వేదికకైనా ఇవి వర్తిస్తాయి, ఆటలకు వేరే మినహాయింపు లేదు. తెలంగాణ ప్రభుత్వం దీనికి తోడు ప్రతి క్రేట్ మీద ఏది ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో, దానికి ఎన్ని రూపాయలు అవుతాయో తెలుగులో రాయాలని కేంద్రాన్ని అడగాలి. ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.